దిగినవాడి పేరు

మూడో రోజు

గాలి: తెలియదు, కిటికీలు మూసి ఉన్నాయి. అలలు: తెలియదు. దిగినవాడు: లేడు. పైవాడు: లేడు.

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టు ఉంటుంది, చదివేవాళ్ళు సర్దుకోవాలి. కుడి చేతికి ఎన్ని వేళ్ళు మిగిలాయో కట్టు విప్పితేగాని చెప్పలేమన్నారు.

పొద్దున నర్సమ్మ వచ్చి, "నూకరాజు గారూ, మందు వేసుకోండి" అంది. నూకరాజు పక్క మంచంలో ఉన్నాడనుకుని ఒక్క ఉదుటున తల తిప్పాను. మెడ మీద కాలిన తోలు చిట్లింది. పక్కన మంచం లేదు, గోడ ఉంది. ఆవిడ నన్నే పిలిచింది.

నేను కామేశును. నూకరాజు చచ్చిపోయాడు. ఈ రెండు మాటలూ ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని దిగుడు పుస్తకం తీశాను. ఇది పైవాడి నడుముకు, నీళ్ళు చొరని సంచిలో ఉంటుంది. అందుకే మిగిలింది. నడుముకే కట్టి ఉన్న తాడు ముక్క కూడా మిగిలింది. దాన్ని కోసి తీస్తామని వస్తే నర్సమ్మ చెయ్యి కొరికానట. నాకు గుర్తు లేదు గానీ, కొరికే ఉంటాను.

నాలుగో రోజు

గాలి: నైరుతి అని విన్నాను.

పేరు ఎలా తారుమారైందో ఇవాళ తెలిసింది.

మా ఏడో తూము వాళ్ళది ఒక పిచ్చి ఆచారం. తాతల కాలంలో సముద్రం మా ఊళ్ళను మింగేస్తే, మిగిలినవాళ్ళు వచ్చి ఈ గట్టు కట్టారు. గట్టు బయటి ముఖం మీద పగుళ్ళు పూడ్చడానికి ఒకడు తాడు కట్టుకుని దిగుతాడు, ఒకడు పైన కప్పీ తిప్పుతూ కాపు కాస్తాడు. దిగినవాడి పేరు సముద్రం వినకూడదని మా పెద్దలు నియమం పెట్టారు. వాడు కింద ఉన్నంతసేపూ వాడిని పైవాడి పేరుతో పిలుస్తాం, పైవాడిని వాడి పేరుతో పిలుస్తాం. పైవాడి కాళ్ళు రాతి మీద ఉంటాయి కాబట్టి సముద్రం ఎంత పిలిచినా వెళ్ళడు. పుస్తకంలోనూ తిరగేసే రాస్తాం. సముద్రానికి చదువు రాదని ఎవరు చెప్పారు?

మిగతా తూముల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. రాజధాని వాళ్ళకైతే ఈ సంగతే తెలియదు. వాళ్ళ దగ్గర మిగిలింది మా వైర్‌లెస్ మాటల రికార్డు ఒక్కటే. జనాభా చిట్టాలు, కంటి గుర్తులు, వేలిముద్రలు దాచిన భవనం కూడా గట్టు మీద దాడి జరిగిన రోజే తగలబడింది. రికార్డులో పైనుంచి నేను, "కామేశు కిందున్నాడు, కామేశును లాగండి" అని అరిచాను. ఇంకేముంది, కామేశు అమరుడు, నూకరాజు ఆసుపత్రిలో. నా ముఖం సగం కట్టులో ఉంది. పొగకు గొంతు పోయింది. ఏడో తూములో ఆ రోజు పనిలో ఉన్న పద్ధెనిమిది మందిలో పదిహేడు మంది పోయారు. కాదని చెప్పేవాడు లేడు.

నాకు మాట వస్తోంది, చెప్పవచ్చు. ఇంకా చెప్పలేదు.

ఐదో రోజు

తెర మీద మంత్రి ఏడ్చాడు. మొత్తం నాలుగువందల పన్నెండు మంది. ఆ తరువాత "వీర నూకరాజు" కథ చెప్పాడు. తూము తలుపు కాపాడడం కోసం, గుండె రాయి చేసుకుని, కిందున్న సహచరుడి తాడును తన చేత్తో కోసేసిన వీరుడట.

గిన్నె తెర మీదికి విసిరాను. జావ ఒలికింది, తెర పగల్లేదు. వీరుడికి మతి చలించిందనుకుని సూది గుచ్చారు.

జరిగింది రాస్తాను. మనుషుల్లేని పడవలు నలభై వచ్చాయి, కడుపు నిండా నూనెతో. ఎవరు పంపారో ఈనాటికీ తెలియదు. మొదటిది మూడో తూమును కొట్టినప్పుడు నూకరాజు ఇరవైరెండు బారల కింద ఉన్నాడు. కప్పీ తిప్పడం మొదలుపెట్టాను. ఎనిమిది బారలు లాగాను. రెండోది సరిగ్గా మా కిందే పేలింది. నీళ్ళ మీద మంట గట్టు మీదికి పాకింది. కప్పీ బోల్టులతో సహా ఊడి మాతో పనిచేసే సన్యాసి మీద పడింది, అతని తల ఉండాల్సిన చోట ఇనుము ఉంది. తాడు నన్ను గట్టు అంచుకు ఈడ్చుకుపోయింది. కుడి చేత్తో ఇనుప కమ్మీ పట్టుకున్నాను. కమ్మీ ఎర్రగా కాలి ఉంది. నా చెయ్యి కాలే వాసన నాకే వచ్చింది, అయినా వదల్లేదు.

కింద అతని చొక్కా అంటుకుంది. వైర్‌లెస్‌లో అతని గొంతు మామూలుగానే ఉంది. "నూకరాజూ, కత్తి తియ్" అన్నాడు. అంటే నన్ను. ఇద్దరూ పోయేట్టుంటే పైవాడు తాడు కొయ్యాలి, అది గట్టు నియమం. నా నడుముకు కత్తి ఉంది. నేను దాని మీద చెయ్యి వెయ్యలేదు. "నువ్వు కొయ్యవులే" అని ఒక్క నవ్వు నవ్వాడు. తరువాత తాడు తేలికైపోయింది.

అతనే కోసుకున్నాడు. పద్నాలుగు బారల కింద, తన కత్తితో. తన పేరు కూడా సముద్రానికి ఇవ్వకుండా పోయాడు.

అలాంటివాడిని పట్టుకుని తాడు కోసిన వీరుడంటున్నారు.

తొమ్మిదో రోజు

గాలి: నైరుతి, గట్టిగా. అలలు: మనిషి ఎత్తు.

ఇంటికి పంపేశారు. చూపుడు వేలు, బొటనవేలు మిగిలాయి. మెట్ల పొడుగునా జనం పూలు చల్లారు. పదకొండేళ్ళు ఇదే మెట్ల మీద మేమిద్దరం కలిసి ఎక్కుతుంటే తలుపులు వేసుకున్న జనమే. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు గానీ, బతికినవాడి కళ్ళు కూడా చారెడైపోతాయని ఇప్పుడే చూశాను.

మధ్యాహ్నం తాడు ముక్కను మంచినీళ్ళలో ఉప్పు పోయేదాకా జాడించి, చుట్టచుట్టి ఆరబెట్టాను. ఎవరో తలుపు తోసుకుని వచ్చారు. మంగతాయారు పిన్ని. మా తూము వైర్‌లెస్ ఆవిడే చూసేది, ఆ రోజు సెలవులో ఉంది. కప్పీ కింద పడిన సన్యాసి ఆవిడ మొగుడు. చుట్టచుట్టిన తాడును చూసింది, నన్ను చూసింది.

"నూకరాజు కుడికి సుట్టేవోడు. ఇది ఎడంకి సుట్టి ఉంది" అంది. "ఒరే కామేశా."

ఆ పిలుపు వినేసరికి నా గుండె కట్ట తెగింది. నేల మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ కూడా ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, వచ్చిన పని చెప్పింది.

"అమరుల తోడు సట్టమంట. నాకు ఏడో రోజునే వొచ్చేసింది. ఇల్లు నా బతుకున్నంత కాలం, గట్టు లోపల ఉండే సీటీ నా పేరునే, పోనోల్ల పేర్లు సెక్కిన రాతి కాడ కూకోడానికి కుర్సీ, దీపం పెట్టే అక్కు. మొగుడికైతే పెళ్ళాం, పెళ్ళానికైతే మొగుడు. నీకేటొస్తాది సెప్పు? ఏటీ రాదు. ఈ ఇల్లు నూకరాజుది, పెర్మనెంటోడిది. నువ్వు కాంట్రాక్టోడివి, ఆడి సీటీ మీద ఉన్నోడివి. ఆడు పోనాడంటే ముప్పయ్యో రోజున నిన్ను గట్టు బయటికి దించేస్తారు."

బయట అంటే ఉప్పు మట్టి. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి మోకాళ్ళ దాకా ముంచుతుంది. దించినవాళ్ళలో ఒక వానాకాలం దాటినవాడిని నేను చూడలేదు. కింద పని చేసేటప్పుడు ఎముకలు చూశాను.

"నోరు మూసుకుని నూకరాజువై ఉండిపో నాయినా" అంది పిన్ని. "ఆడేటి వొద్దంటాడా? ఆడు ఉంటే ఆడే సెప్పును."

నిజమే, అతనే చెప్పేవాడు. అందుకే నాకు కోపం వచ్చింది.

పదకొండో రోజు

నూకరాజు పేరుతోనే తోడు చట్టం ఆఫీసుకు వెళ్ళాను. నాకొకటి తేల్చుకోవాలని ఉంది. అధికారి హైమావతి గారు, నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. తొమ్మిది రోజులుగా ఏడ్చేవాళ్ళ మధ్య కూర్చుంది పాపం.

"చెప్పండి నూకరాజు గారూ."

"చనిపోయిన కామేశుకు తోడును నేనే. దావా రాసుకోండి."

ఆవిడ కలం ఆగింది. "తోడంటే, ఒకే జంటలో పని చేశారు."

"ఒకే ఇంట్లో పదకొండేళ్ళు ఉన్నాం. ఒకే మంచం. అతనికి జ్వరమొస్తే నేను లేచాను, నాకొస్తే అతను లేచాడు. తోడుకు ఇంకేమన్నా కావాలా అండీ?"

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీకు అంతా ఉంది కదండీ. ఇల్లు మీ పేరునే ఉంది, చీటీ మీ పేరునే ఉంది. దీనివల్ల మీకు ఒరిగేదేమిటి?"

"దీపం. కామేశుకు అమ్మానాన్నలు లేరు. ఎవరు పెడతారు?"

"తోడు లేనివాళ్ళకు ప్రభుత్వం పెడుతుంది."

"ప్రభుత్వం ఏ రోజైనా అతనికి అన్నం పెట్టిందా అమ్మా, దీపం పెట్టడానికి?"

ఆవిడ ఫారం తిప్పి చూపించింది. భర్త, భార్య, తల్లి, తండ్రి, తోబుట్టువు. ఐదు గళ్ళు. "ఏ గడిలో రాయమంటారు? గడి లేకపోతే యంత్రం తీసుకోదు. తీసుకోని దావాను నేను తిరస్కరించను కూడా లేను. అది అసలు రానట్టే లెక్క."

అంటే మాకు లేదనే మాట కూడా లేదు. అది నన్ను మెట్లు దిగేదాకా నమిలింది.

పద్నాలుగో రోజు

అలలు: మనిషి ఎత్తున్నర. పన్ను ఒకటి పోయింది, నాది కాదు.

నూకరాజు అన్న గవరయ్య వచ్చాడు, ఇద్దరు మనుషులతో. మేం కలిసి ఉంటున్నామని తెలిసిన ఏడు, ఈ గవరయ్యే తమ్ముడి చెయ్యి విరిచాడు. తరువాత ఈ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు నా ముఖం కేసి కాదు, పాదాల కేసి చూశాడు. నూకరాజు ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడు గొడ్డలి పడింది, అది పడేసింది ఈ అన్నే.

"అయిదేళ్ళూ ఉన్నాయి" అన్నాడు తాపీగా. "నువ్వు ఆడివి కావు."

నేను పాదం వెనక్కి లాక్కున్నాను.

అతను అరవలేదు, కొట్టలేదు. మంచం మీద కూర్చున్నాడు. "భయపడకు. నాను ఎవలికీ సెప్పను. మా తమ్ముడు వీరుడని మా ఈదంతా దండలేసినారు. సచ్చినోడు ఎలాగూ రాడు. నువ్వే మా నూకరాజువి. పై నెల్లో పెళ్ళి సేసేద్దుము, పిల్ల సిద్ధంగా ఉంది. మేమూ ఈ ఇంట్లోకే వొచ్చేస్తాం. మునుపటి కత అందరూ మరిసిపోతారు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. బతికున్న తమ్ముడు వాళ్ళకు పనికిరాలేదు. తమ్ముడి పేరు తగిలించుకున్న పరాయివాడు, పెళ్ళి చేసుకుంటే చాలు, పనికొస్తాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

"మీ తమ్ముడు కింద కాలిపోతూ తన తాడు తనే కోసుకున్నాడు. నన్ను బతికించడానికి" అన్నాను. "ఎలా పోయాడని ఒక్క మాట అడగలేదు నువ్వు."

"ఆ కత మాకొద్దు" అన్నాడు. "అది సిగ్గుమాలిన కత."

గోడకు కప్పీ కొక్కెం వేలాడుతోంది. ఎడమ చేత్తో తీసి అతని మూతి మీద కొట్టాను. పన్ను ఊడి నేల మీద దొర్లింది. తరువాత నా వంతు. మనుషులిద్దరూ నన్ను బోర్లా పడేసి పట్టుకున్నారు, గవరయ్య నా కట్టు చెయ్యి మీద ఎక్కి నిలబడ్డాడు. మడమ తిప్పాడు. ఆ కేక ఎవరిదో నాకు తెలియలేదు, పక్కింటివాళ్ళు ఎప్పటిలాగే తలుపు వేసుకున్నారు.

"ఇరవయ్యో రోజున రాతి కాడ పతకం ఇస్తారు" అన్నాడు నెత్తురు ఉమ్ముతూ. "తీసుకుని దండం పెట్టు. నేదంటే నాను నోరిప్పుతాను, నిన్ను ఉప్పు మట్టిలో దించుతారు."

పదహారో రోజు

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో చెయ్యి చెబుతోంది. చూపుడు వేలు కూడా తీసేశారు.

ఒక నిజం రాసుకోవాలి. నేను సాధువును కాను. నాకు ఈ ఇల్లు కావాలి. అతను గోడకు కొట్టిన మేకులున్నాయి, అతను నూనె తల ఆనించిన మరక ఉంది. బయట చావడం నాకు ఇష్టం లేదు. నిన్నా ఇవాళా కూర్చుని నూకరాజు సంతకం ఎడమ చేత్తో వేసి చూసుకున్నాను. నలభైసార్లు వేశాక బాగానే వచ్చింది. అంత బాగా వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఉండిపోతే నా అన్నం నేను తింటాను. కానీ రాతి మీద నా పేరుంటుంది, నీళ్ళలో అతనుంటాడు. తోడుగాడి తాడు కోసినవాడని పిల్లలు పుస్తకాల్లో చదువుకునేది అతని గురించి. అతని పేరు వేసుకుని నేను తిరిగే ప్రతిరోజూ, అతను ఒకసారి ఆ తాడు కోస్తూనే ఉంటాడు.

ఉలి పదును పెట్టాను.

ఇరవై రెండో రోజు

గాలి: కనపడదు. అలలు: గోడ అవతల వినిపిస్తున్నాయి. గట్టు కాపలావాళ్ళ కొట్లో ఉన్నాను. పక్కటెముకలు మూడు విరిగాయి.

మొన్న రాతి ఉత్సవం జరిగింది. గట్టు మీద నల్ల రాయి, నాలుగువందల పన్నెండు పేర్లు. ముందు వరసలో తోడులకు కుర్చీలు, ఒక్కొక్కరి ఒళ్ళో దీపం. మంగతాయారు పిన్ని ఐదో కుర్చీలో ఉంది. నన్ను పతకాల వరసలో నిలబెట్టారు. గవరయ్య కొత్త చొక్కాతో, వాచిన మూతితో, వీరుడి అన్న స్థానంలో నిలబడి కెమెరాలకు దండాలు పెడుతున్నాడు.

మంత్రి "వీర నూకరాజు" అని పిలిచాడు. అతని పక్క నుంచి నడిచి రాతి దగ్గరికి వెళ్ళాను. కామేశు అన్న పేరు నడుమెత్తులో ఉంది. చొక్కాలోంచి ఉలి, సుత్తి తీశాను. ఉలిని కుడి చేతి కట్టులోకి దూర్చి బిగించాను, సుత్తి ఎడమ చేతిలో. మొదటి దెబ్బకు "కా" లేచిపోయింది. దెబ్బ దెబ్బకూ నా మోచేతి దాకా నిప్పు పాకింది. అందరూ గడ్డకట్టుకుపోయారు. కాపలావాళ్ళకు తేరుకోవడానికి పట్టిన సమయంలో నా పేరు మొత్తం చెక్కి పారేశాను.

"కామేశును నేను!" అని అరిచాను. పాడైన గొంతు, ఎంతవరకు వినిపించిందో. "బతికే ఉన్నాను. పోయినవాడు నూకరాజు, నా మనిషి. ఎవడి తాడూ ఎవడూ కొయ్యలేదు. నన్ను బతికించడానికి తనది తనే కోసుకున్నాడు!"

తుపాకీ మడమ వీపున దిగింది. మోకాళ్ళ మీద పడ్డాను. మోకాళ్ళ మీద ఉండే "నూ" మొదలుపెట్టాను. రెండో దెబ్బ పక్కటెముకల మీద, లోపల పుల్ల విరిగినట్టు వినిపించింది. "నూ" అయింది. మూడోది తల మీద. నెత్తురు కళ్ళలోకి కారి రాయి ఎర్రగా కనిపించింది. గవరయ్య అందరినీ తోసుకుని వచ్చి నా జుట్టు పట్టి ముఖాన్ని రాతికేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి కొట్టబోతుంటే పిన్ని ఒళ్ళో దీపం తీసి అతని నెత్తిన పగలగొట్టింది. నూనె, నెత్తురు కలిసి కారాయి.

"ఆడు నిజం సెప్తన్నాడు!" అని ఆవిడ గొంతు చించుకుంది. "మాయి ఏడో తూము మాటలు! దిగినోడికి పైనోడి పేరే పెడతాం! నాను వైర్‌లెస్సుదాన్ని, నాకు తెల్దేటి?"

ఆ గలాటాలో ఇంకొక్క అక్షరం పడింది. "నూక" దగ్గర నన్ను ఈడ్చుకుపోయారు.

ఇరవై ఐదో రోజు

హైమావతి గారు కొట్లోకి వచ్చారు. స్టూలు మీద కూర్చుని నా ముఖం చూసి, ముందు నీళ్ళు తాగించారు.

"రికార్డు మళ్ళీ విన్నాను. మీ ఇంట్లోని తాడు ముక్క తెప్పించి చివర పరీక్ష చేయించాను. కోత కింది నుంచి పడింది. మీరు చెప్పింది నిజం" అన్నారు. "ఇప్పుడు నా మాట వినండి. ఇంకా దారి ఉంది. మతి చలించి అలా అన్నానని ఒక్క సంతకం పెడితే మీరు నూకరాజుగానే ఉండిపోతారు. పై అధికారులకూ అదే కావాలి. వీరుడు ఉండాలి వాళ్ళకు. కామేశునంటే మాత్రం ముప్పయ్యో రోజున..."

"తెలుసమ్మా. కామేశు అనే రాయండి."

"ఏ గడిలో?"

"మీ ఇష్టం."

ఆవిడ ఫారం బయటికి తీశారు. కలం తీసి "భర్త, భార్య" అని ఉన్న రెండు గళ్ళ మధ్య గీతను కొట్టేశారు. రెండూ కలిసి ఒకే గడి అయింది. అందులో నా పేరు రాశారు. వెంట తెచ్చిన యంత్రం దాన్ని నాలుగుసార్లు వెనక్కి కక్కింది. ఐదోసారి ఆవిడ తన ముద్ర చేత్తో వేసి, యంత్రం నోట్లోకి నెట్టి, తీసుకునేదాకా అరచేత్తో నొక్కి పట్టుకున్నారు. తరువాత రెండో కాగితం రాశారు. చదివి నా చేతికిచ్చారు.

"ఏడో తూము అమరుడు నూకరాజు తోడు అయిన కామేశు దాఖలు చేసిన దావా, ప్రస్తుత చట్టంలో వీలు లేనందున తిరస్కరించడమైనది."

"క్షమించండి. ఇంతకంటే నా చేతిలో లేదు" అన్నారు.

నేను నవ్వాను. పక్కటెముకలు పొడిచినా నవ్వు ఆగలేదు. పదకొండేళ్ళలో సర్కారు మా గురించి రాసిన మొదటి కాగితం ఇది. కాదు పొమ్మనడానికైనా వాళ్ళు ముందు "నూకరాజు తోడు అయిన కామేశు" అని రాయాల్సి వచ్చింది.

"తిరస్కరించిన దావా మీద అప్పీలు ఉంటుంది" అన్నారు ఆవిడ లేస్తూ. "తొంభై రోజులు. మీ తరఫున ఎవరైనా వెయ్యవచ్చు. ఇలాంటి దావాలు నా బల్ల మీద ఇవాళ ఇంకో ఆరు ఉన్నాయి. నిన్నటి దాకా ఒక్కటీ లేదు. మిమ్మల్ని తెర మీద చూసి వచ్చారు."

ఇరవై ఎనిమిదో రోజు

పిన్నిని చూడనిచ్చారు. మాగాయ అన్నం తెచ్చింది, మూటతో పాటు వార్త కూడా.

"రాతి మీద నీ పని సగంలో ఉండిపోనాది కదా. ఇప్పుడు గట్టు మీద ఏ జంట పనికెళ్ళినా, ఎల్తా ఎల్తా ఒక దెబ్బ ఏసి పోతన్నారు. అయిదో తూమోల్లు, పన్నెండో తూమోల్లు, మనల్ని సూసి నవ్వినోల్లే. ఎవలు ఏసినారంటే ఎవలికీ తెల్దు. ఇయ్యాలికి 'నూకరా' అయిపోనాది. 'జు' కి కొమ్ము ఒకటి ఉండిపోనాది."

"అప్పీలు నువ్వు వేస్తావా పిన్నీ?"

"నానెందుకు ఎయ్యను? దీపం పగలగొట్టినానని నా కుర్సీ పీకేసినారు. ఇంక నాకు పనేటుంది?"

అన్నం మొత్తం తిన్నాను. కారం పెదవులకు మండింది.

ముప్పయ్యో రోజు

గాలి: నైరుతి, తగ్గింది. అలలు: మోకాలెత్తు. పోటు తీసింది, మట్టి కనిపిస్తోంది.

కొమ్ము పూర్తయింది. గట్టు అంచు ఎక్కేటప్పుడు చూశాను. నూకరాజు. ఎన్నో చేతుల రాత, వంకరటింకరగా ఉంది, పక్కన యంత్రం చెక్కిన పేర్లన్నీ తిన్నగా ఉన్నాయి. దూరం నుంచి ముందు కనపడేది అదే.

బయటికి తలుపు లేదు, తాడుతోనే దించుతారు. కాపలావాడు కప్పీ పట్టుకోబోతే పిన్ని అడ్డం వచ్చింది. "ఏడో తూము మనిషి ఏడో తూము సేతుల మీదనే దిగుతాడు" అంది. వాడు కుర్రవాడేం కాదు, ఇరవయ్యేళ్ళ సర్వీసు ఉన్నవాడు. అయినా పక్కకు జరిగాడు. గట్టు పొడుగునా అన్ని తూముల వాళ్ళూ పని ఆపి నిలబడ్డారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. సుత్తులతో కమ్మీల మీద కొట్టారు, నేను దిగినంతసేపూ.

నడుముకు ఈ పుస్తకం, తిరస్కరణ కాగితం, అతను కోసిన తాడు ముక్క. పిన్ని దింపే తాడు ముడి సరిచూసింది. దాచుకోవడమెందుకు, భయంగానే ఉంది.

అతను పోయిన చోటు దాటాను. రాతి మీద మసి ఉంది. అరచెయ్యి ఆనించాను. వెచ్చగా లేదు, మామూలు రాయి.

పైనుంచి పిన్ని కేకేసింది, సముద్రానికి వినపడేంత గట్టిగా. "మంగతాయారూ! కాలు తగిలిందా?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తరువాత తెలిసింది, దిగినవాడికి పైవాడి పేరు. ముప్పై రోజుల్లో నా పేరు చచ్చినవాళ్ళ రాతి మీద ఉంది, కాపలావాళ్ళ చిట్టాలో ఉంది, తిరస్కరణ కాగితంలో ఉంది. ఇప్పుడు అది పైన, రాతి మీద కాళ్ళు ఆనించి నిలబడ్డ ముసలిదాని దగ్గర భద్రంగా ఉంది. ఎంత పిలిచినా వెళ్ళని మనిషి దగ్గర.

"తగిలింది, కామేశూ!" అని అరిచాను. "అప్పీలు మరిచిపోకు!"

దిగినవాడు: మంగతాయారు. పైవాడు: కామేశు. పోటుకు ఇంకా నాలుగు గంటలుంది. ఎత్తు నేల వెతుక్కోవాలి.